నడికొప్పు మీద ప్రార్థన

మా ఆయన ఇట్టియవిర ప్రార్థన మొదలుపెట్టాడంటే పొయ్యి మీద అన్నం ఉడికి, వార్చి, చల్లారిపోవాల్సిందే. కేరళ కుట్టనాడులో మా సంఘం వాళ్ళు శుక్రవారం శుక్రవారం ఒక్కో ఇంట్లో కూడతారు. ఎవరింట్లో కూడినా "మన ఇచ్చాయన్ ప్రార్థన చెయ్యాలి" అంటారు. మాలో పెద్దమనిషినీ, మొగుణ్ణీ కూడా ఇచ్చాయన్ అనే పిలుస్తాం. ఈయన గొంతు వణికించి, తను ఏడ్చి, ముసలమ్మలందర్నీ ఏడిపిస్తాడు. తీరా ఎవరిదైనా వడ్లబస్తా ఎత్తాల్సి వస్తే మోకాళ్ళ నొప్పి! మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు. ముప్పై ఏళ్ళ కాపురం, నాకు తెలీదా?

ఆ ఏడు వానలకు ముందు రాహేలమ్మ ఇల్లు కప్పడానికి ఊరు పూనుకుంది. మొగుడు పోయిన మనిషి. కూతురు ఆ ఇంట్లోనే పురుడు పోసుకుని తొమ్మిది రోజులు. పొద్దున్నే పాత కొబ్బరాకు పీకేసి, మధ్యాహ్నానికి రెండు వాలులూ కప్పేశారు. ఆ రెండూ పైన కలిసే నడికొప్పు ఒక్కటే మిగిలింది. ఇంతలో కాలవ అవతల నుంచి కేకలు, పొలం గట్టు తెగిందని. మగాళ్ళంతా ఎక్కడి పని అక్కడ పడేసి పడవలెక్కారు. పడమర చూస్తే ఆకాశం నల్లగా ఉంది.

సరిగ్గా నేనూ రాహేలమ్మా కర్రపెండలం, చేపల పులుసు దించే వేళకి మా ఆయన దిగబడ్డాడు.

"అయ్యో రాహేలూ, ఎంత కష్టం! ప్రార్థన చేద్దాం" అని కళ్ళు మూశాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నోట్లో బెల్లం పెట్టుకున్నట్టు, "ఇచ్చాయా, కింద నుంచి ఎందుకు? ఆ నడికొప్పు దగ్గర కూర్చుని చేస్తే గట్టు దగ్గరున్న వాళ్ళకి కూడా వినిపిస్తుంది" అన్నాను.

మొగుణ్ణి మునగచెట్టు ఎక్కించడం నాకేం కొత్త? చకచకా ఎక్కేశాడు. మోకాళ్ళ మాటే లేదు. పెళ్ళికి ముందు ఇళ్ళు కప్పడంలో చెయ్యి తిరిగినవాడు మరి! పైన సర్దుకుని కూర్చున్నాడో లేదో, నిచ్చెన లాగి పెరట్లో పడేశాను.

"ఒసే శోశా! నిచ్చెనేదే?"

"ప్రార్థన అయ్యాక."

"అయిపోయింది. ఆమెన్!"

"అది నోటి ఆమెన్. నాకు చేతుల ఆమెన్ కావాలి. ఆకు అందిస్తాను, కట్టండి."

"సంఘ పెద్దనే నేను! నా పరువేం కాను?"

"మన ప్రభువు వడ్రంగి పని చేశాడు. ఆయనకు పోని పరువు మీకెక్కడ పోతుంది?"

"చేడత్తీ, పాపం పెద్దాయన్ని దించెయ్యండి" అంది నన్ను అక్కలా చూసే రాహేలమ్మ.

"నువ్వూరుకో. ఆ తాడు పురి పెట్టు."

ఓ చినుకు రాలింది. లోపల పసిగుడ్డు కెవ్వుమంది. ఆయన కప్పని సందులోంచి కిందికి చూశాడు. సరిగ్గా అక్కడే, చాప మీద, రాహేలమ్మ కూతురు తన బిడ్డ మొహానికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఇంకో చినుకు ఆ చేతి మీద పడింది. కళ్ళు తెరుచుకుని నోరు మూసుకున్న మా ఆయన్ని అప్పుడే మొదటిసారి చూశాను.

"ఆకు ఇయ్యవే" అన్నాడు.

గెడకర్రతో అందించాను. ఆ వేళ్ళు ఏదీ మర్చిపోలేదు. ఇంతలో వాన దంచి కొట్టింది. ప్రతి ముడికీ "ప్రభువా" అంటున్నాడు, గొంతు మాత్రం వణకడం లేదు. వణికింది నేను. జారి పడితే? నిచ్చెన తెచ్చి ఆనించి, "చాలు, దిగండి!" అని అరిచాను.

"నోర్ముయ్. ఇంకో మూర ఉంది" అన్నాడు.

మొగుడి మీద అంత ప్రేమ నాకు పెళ్ళినాడు కూడా పుట్టలేదు.

ఆయన దిగేసరికి లోపల ఒక్క చుక్క లేదు. బిడ్డ నిద్రపోయింది. రాహేలమ్మ కంచం పెట్టి, "ప్రార్థన చెయ్యండి" అంది. తడిసిన కోడిలా వణుకుతూ మా ఆయన, "ప్రభువా, పులుసు చల్లారిపోతోంది. ఆమెన్" అన్నాడు.

పై శుక్రవారం కూడిక మా ఇంట్లోనే. "ఔసేప్ తాత ఇంటి కప్పు గాలికి లేచిపోయింది. ఇచ్చాయన్ ప్రార్థిస్తారు" అన్నారు మా చర్చి ఫాదరు, అచ్చన్ గారు. అందరం కళ్ళు మూసుకున్నాం. ఎంతసేపటికీ అలికిడి లేదు. ఒక కన్ను తెరిచి చూద్దును కదా, ఆయన కూర్చున్న చోటు ఖాళీ. వసారాలో నిచ్చెన కూడా లేదు.

"ఆమెన్!" అని గట్టిగా అరిచి, తాడు చుట్ట చంకన పెట్టుకుని ఆయన వెనకే పరుగెత్తాను. నిచ్చెన పట్టుకోవాలిగా మరి.