వంతుల సార్

ఆ పట్టణంలో నీటి విభాగం అధికారిని పేరుతో పిలిచేవాళ్ళే లేరు. వంతుల సార్ అంటేనే తెలుస్తుంది. ఏ వీధి కుళాయి ఎప్పుడు విప్పాలో ఆయన వేసిన వరసను మంత్రి చెప్పినా మార్చేవాడు కాదు. సొంత ఇంట్లో బిందెలు ఖాళీగా దొర్లుతున్నా, మన వంతు రాలేదుగా అనేవాడు. పెంచి పెద్దచేసిన అక్క అందుకు తిట్టిపోసేది. ఆ తిట్లలో బోలెడంత గర్వం ఉండేది.

యుద్ధం వచ్చి పంపుహౌసు కాలిపోయాక ఊరంతటికీ ఒక్క ట్యాంకరే దిక్కయింది. అది ఆగేచోట జనం గుమిగూడటం కనిపెట్టి, శత్రువులు ఒకరోజు సరిగ్గా అక్కడే ఫిరంగి గుండు వేశారు. అప్పుడు వంతుల సార్ పద్ధతి మార్చాడు. ట్యాంకరు రోజుకో వీధిలో ఆగుతుంది. ఏ వీధో ఆయన కడుపులోనే ఉంటుంది. బండి కదిలేముందు డ్రైవరుకి చెబుతాడు, హారన్ వినిపించాకే జనం రావాలి. ఇంట్లో అక్క అడిగినా పెదవి విప్పేవాడు కాదు. అంతా పకడ్బందీగా చేశాననే అనుకున్నాడు, పాపం.

ఆ ఉదయం ఆఫీసుకి బయల్దేరుతుంటే ఎదురింటి దర్జీ పలకరించాడు. మీ అక్కగారు ఎప్పుడో బిందె తీసుకుని గోదాము వీధికి వెళ్ళిపోయారు, మా ఆవిడ ఇంకా జడ వేసుకుంటూనే ఉంది అని నవ్వాడు.

వంతుల సార్ ఉన్నచోటే ఆగిపోయాడు. గోదాము వీధి సంగతి ఆయన ఇంకా ఎవరికీ చెప్పలేదు.

“నీకెవరు చెప్పారయ్యా?”

“ఒకరు చెప్పాలా సార్? మొన్న ఆసుపత్రి వీధి, నిన్న బడి వీధి. పాత కుళాయిల వరసేగా! ఊరందరికీ తెలుసు.”

ఊరందరికీ తెలిసింది శత్రువులకి తెలియకుండా ఉంటుందా? ఎంత బుద్ధితక్కువ పని! నోరు కట్టేసుకున్నాడు గానీ, ఇన్నేళ్ళ అలవాటును కట్టేసుకోలేకపోయాడు. దారిలో ట్యాంకరు షెడ్డు దగ్గర ఆగి, బండి కదపొద్దని డ్రైవరుకి చెప్పి, చెప్పులు ఊడిపోతున్నా గోదాము వీధికి పరిగెత్తాడు.

అక్కడ వరస మలుపు దాకా ఉంది. అందరికంటే ముందు అక్క. నీళ్ళు రావు, ఇళ్ళకి వెళ్ళిపొమ్మని ఆయన అరిస్తే జనం నవ్వారు. వంతుల సార్ వంతు తప్పటమేమిటన్నారు. శత్రువులకి ఈ చోటు తెలిసిపోయిందని కాళ్ళావేళ్ళా పడితే కొందరు గొణుక్కుంటూ కదిలారు. ఇవాళ నీళ్ళు పెద్దవాళ్ళ బంగళాలకి పోతున్నాయి కాబోలని ఒకడు గట్టిగానే అన్నాడు.

ఆయన అక్క చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ విడిపించుకుంది.

“నేను ముందు కదిలానంటే, అక్కకి వేరేచోట పోయిస్తున్నాడని అంటార్రా. అందర్నీ పంపించు. ఆఖర్న నేనొస్తా.”

“అననీ అక్కా. నీకు దణ్ణం పెడతాను, రా.”

“ఒక్క మాట పడని మనిషివి. నావల్ల ఇప్పుడు పడతావా? వెళ్ళు, ఆ చివరివాళ్ళతో చెప్పు.”

ఆయనకి ఏడుపు ముంచుకొచ్చింది. అయినా అక్క మాట జవదాటటం చిన్నప్పటి నుంచీ తెలియదు. వరస చివరికి నడిచాడు. సగం మందిని మలుపు దాటించాడో లేదో, గుండు పడింది. దుమ్ము తగ్గాక గోదాము గోడ లేదు. వరస ముందుభాగం లేదు. అక్క బిందె రోడ్డు మధ్య అణిగిపోయి పడి ఉంది.

మర్నాడు డ్రైవరు తల వంచుకుని, ఎక్కడికి సార్ అని అడిగాడు. నీకు తోచిన వీధికి పో, నాకు మాత్రం చెప్పకు అన్నాడాయన. ఆ తర్వాత ఒక్కడే మార్కెట్ వీధికి నడిచాడు. పాత వరసలో గోదాము వీధి తర్వాతిది అదే. అనుకున్నంతా అయింది. నిన్న జరిగింది తెలిసి కూడా పదిమంది ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు. దాహం అలాంటిది మరి.

“ఇవాళ మా వంతే కదండీ?” అంది ముందున్న ముసలావిడ.

“వంతులు లేవమ్మా,” అన్నాడు వంతుల సార్. “ఇంటికి వెళ్ళండి.”