తండ్రిని తవ్విన చేతులు

ఎజెఓకోలి తన తండ్రిని ఇంటి ముందు సావిడిలోనే పాతిపెట్టాడు. మా ఉమునేజి ఊళ్లో ఇంటిపెద్ద పోతే అంతే, ఆయన కూర్చున్నచోటే పడుకోబెడతారు. పైన మట్టి మెత్తి అలికాక కొడుకు అక్కడే చాప వేసుకుని కూర్చుంటాడు. ఎజెఓకోలి పొద్దున్నే కోలా కాయ పగలగొట్టి, మొదటి ముక్క నేలమీద వేసి, తండ్రితో కాసేపు మాట్లాడి, ఆ తర్వాతే పొలానికి కదిలేవాడు. తండ్రిలాగే అతనూ ఊరి పెద్దమనుషులకిచ్చే ఓజో బిరుదు పొందినవాడు. చీలమండకు కట్టుకున్న ఆ బిరుదు దారం కనబడితే ఎదురొచ్చేవాళ్లు దారి ఇచ్చేవారు.

ఇక్వెమేసిది కూడా అదే వాడ, అదే ఈడు. వయసులో ఉన్నప్పుడు పెండలం దుంపలు దొంగిలిస్తూ దొరికిపోయాడు. ఎజెఓకోలి తండ్రి ఆ దుంపలనే వాడి మెడకు కట్టించి సంతంతా తిప్పించాడు. ఆడవాళ్లు వాడిమీద పాట కట్టారు. ఆ సిగ్గుతో ఊరొదిలి పెద్ద ఏటి వైపు పోయాడు. తెల్లవాళ్ల పడవల్లో చాకిరీ చేసి వాళ్ల భాష పట్టాడు. సైనికులు పక్క ఊళ్లు తగలబెట్టుకుంటూ మా మీదికి వచ్చినప్పుడు, వాళ్ల ముందు నడిచి దారి చూపించినవాడు అతనే. రాజన్నవాడే ఎరగని మాకు, దొర అతని నెత్తిన ఒక టోపీ పెట్టి, ఇకనుంచి మీ నాయకుడు ఇతనన్నాడు.

వచ్చిన ఎండాకాలం దొర రోడ్డు వేయించడానికి వచ్చాడు. అతను మొదట గీసుకున్న దారి అడవి అంచునే పోతుంది. అక్కడంతా ఊబి నేల, వానాకాలం బండి దిగబడుతుందని ఇక్వెమేసి చెప్పాడు. ఊబి మాట అబద్ధం. కొత్త దారి కర్రలు ఎజెఓకోలి వాకిట్లోంచి, సావిడి మధ్యగా పాతారు.

ఎజెఓకోలి దొర ఎదురుగా నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. “మా నాన్న ఇక్కడున్నాడు, ఈయన బూట్ల కిందే. అడవి అంచున దారి కావాలంటే మావాళ్లందర్నీ తీసుకెళ్లి నేనే కొట్టిస్తాను. ఈ కాస్త నేల వదిలెయ్యమని చెప్పు,” అన్నాడు.

ఆ మాటను దొర భాషలోకి మార్చాల్సినవాడు ఇక్వెమేసే. దొర సామాను మోసే కూలీల్లో ఒకడికి ఇంగ్లీషు వచ్చు కాబట్టి ఏం చెప్పాడో తర్వాత మాకు తెలిసింది. రోడ్డు మీద చెయ్యి వేసినవాణ్ణి ఈ నేలలోనే పాతేస్తానంటున్నాడు అని చెప్పాడట. కింద ఏవో పాత ఎముకలున్నాయి, వాటిని కొడుకే తీసుకుంటే మర్యాదగా ఉంటుంది అని కూడా కలిపాడట. దొరకది న్యాయంగానే తోచింది. పొగరుకు శిక్షా అవుతుంది, చనిపోయినవాడికి గౌరవమూ దక్కుతుంది అనుకున్నాడు. ఎముకలు పెట్టుకోమని తన బిస్కట్ల పెట్టె ఒకటి ఖాళీ చేయించి ఇప్పించాడు. అది ఇస్తూ ఎజెఓకోలి భుజం తట్టాడు కూడా.

పాతిపెట్టిన మనిషిని పైకి తియ్యడమంటే మా నేలతల్లి ఆలా ఒడి చీల్చడమే. ఆ తల్లి మీద అంతకన్నా ఘోరం మాకు లేదు. చంపినా ఆ పని చెయ్యనని ఎజెఓకోలి కూర్చుండిపోయాడు. చెయ్యకపోతే వాడలోని పెండలం పాకలన్నీ తగలబెట్టిస్తానని ఇక్వెమేసి కబురు పెట్టాడు. ఏడాది తిండి మొత్తం ఆ పాకల్లోనే ఉంది.

అప్పుడు వాడలోని అన్నదమ్ముల వరసవాళ్లంతా కలిసి వచ్చారు. వాళ్లలో పెద్దవాడు న్వొకికె అతని పక్కన చతికిలబడి భుజం మీద చెయ్యి వేశాడు. “తవ్వెయ్యి తమ్ముడూ. పాకలు కాలిపోతే పిల్లలు బతకరు. నీకంటిన మైల కడగడానికి మేం లేమా? బలికి మేకను నేనే తోలుకొస్తాను,” అన్నాడు.

ఎజెఓకోలి వాళ్ల ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. అందరూ తలలూపారు. అతని భార్య ఉడుమ్మ మాత్రం, వాళ్లు చెప్పారని చెయ్యకు, రేపు వీళ్లెవరూ మన గుమ్మం తొక్కరు అంది. ఆడదానివి, నోర్ముయ్యమన్నారు.

సావిడి పైకప్పు లాగేశాక, ఎండలో, అందరూ చూస్తుండగా తవ్వాడు. కొంతలోతు పోయాక గునపం పక్కన పడేసి చేతులతో తోడాడు. తండ్రిని చుట్టిన గుడ్డ చివికి మట్టిలో కలిసిపోయింది. కాలి ఎముకకు ఓజో దారం ఇంకా అంటుకునే ఉంది. ఒక్కొక్క ఎముకనీ తుడిచి, ఏదో గొణుక్కుంటూ పెట్టెలో పెడుతున్నాడు. ఇక్వెమేసి కుర్చీ వేయించుకుని గొయ్యి అంచునే కూర్చున్నాడు. పుర్రె బయటికి వచ్చినప్పుడు ఇలా ఇవ్వమని చెయ్యి చాపాడు. ఎజెఓకోలి ఇవ్వకపోతే సైనికుడొకడు లాక్కుని ఇచ్చాడు.

“ఏం పెద్దయ్యా, కులాసానా?” అన్నాడు ఇక్వెమేసి దాన్ని కళ్లెదురుగా పట్టుకుని. “ఈమధ్య దుంపలేమైనా పోయాయా?”

ఒకరిద్దరు నవ్వారు. మావాళ్లే. దొర చెట్టు నీడన టీ తాగుతున్నాడు. నవ్వు వినబడి, పని సాఫీగా సాగుతోందనుకుని అతనూ చిన్నగా నవ్వాడు.

మేక రాలేదు. ఎజెఓకోలి ఎదురుచూసి చూసి న్వొకికె ఇంటికి వెళ్లాడు. న్వొకికె దడి తియ్యకుండా అవతలినుంచే మాట్లాడాడు. ఆలా పూజారి మేకతో పోయే మైల కాదన్నాడట. ఊరికి అరిష్టం పట్టకుండా ఉండాలంటే ఆ పని చేసినవాణ్ణి వేరుపెట్టాలన్నాడట.

“మీరు చెయ్యమంటేనే కదా అన్నా చేశాను.”

“చెప్పాం. చేసింది మాత్రం నీ చేతులే కదా,” అన్నాడు న్వొకికె.

మర్నాడే వచ్చి అతని కాలి దారం కోసేశారు. సంతలో ఉడుమ్మ దగ్గర ఎవరూ ఏమీ కొనలేదు. ఆమె ముట్టుకున్న గంపను పక్కామె కాలితో నెట్టేసింది. పెద్ద కూతురికి కుదిరిన సంబంధం వాళ్లు, ఖాయం చేసుకుంటూ ఇచ్చిన కల్లు కుండలు వెనక్కి పట్టుకుపోయారు. పిల్లల్ని ఉడుమ్మ పుట్టింటికి పంపేసి, మొగుడూ పెళ్లాలు, అరిష్టపు శవాల్ని పారేసే చెడ్డ అడవి పక్కన ఆకుల గుడిసె వేసుకున్నారు. పెట్టె గుడిసెలోనే ఉండేది. ఆ ఎముకల్ని మళ్లీ పాతడానికి ఊళ్లో ఎవరూ జానెడు నేల ఇవ్వలేదు. నాన్నకు ఎండ తగులుతోందని ఎజెఓకోలి పెట్టెను గుడిసెలో ఈ మూలనుంచి ఆ మూలకు జరుపుతూ ఉండేవాడు.

ఒకరోజు తెల్లవారుజామున, పొగమంచులో ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని రోడ్డు మీదికి వెళ్లాడు. సావిడి ఉన్నచోటు అతనికి గుర్తులు అక్కర్లేదు. అక్కడే రోడ్డు తవ్వి తండ్రిని పడుకోబెట్టి మట్టి కప్పుతుంటే, ఏటికి పోతున్న మావాళ్లెవరో చూశారు. మళ్లీ పాకల మీదికి వస్తుందన్న భయంతో పరుగున పోయి ఇక్వెమేసికి చెప్పారు.

సర్కారు రోడ్డు పాడుచేసినందుకు దొర అతన్ని జైలుకు పంపాడు. చేతులకు తాడు కట్టి తీసుకుపోతుంటే ఎజెఓకోలి దారిపొడవునా ఒకటే అడిగాడు, నాన్న మీద మట్టి సరిగా కప్పలేదు, ఎవరైనా కాస్త కప్పండి అని. ఇక్వెమేసి మట్టి తీయించి ఎముకల్ని చెడ్డ అడవిలోకి విసిరేయించాడు. ఏరుకుందామని ఉడుమ్మ వెళ్లింది. నక్కలు వదిలిన కాస్తా దొరికింది.

వానలు వెళ్లాక ఆ దొర బదిలీ అయ్యాడు. కొత్త దొర గుర్రం మీద అడవి అంచంతా తిరిగి, ఇక్కడ ఊబే లేదే అని, మొదట గీసిన దారినే రోడ్డు వేయించాడు. పాత రోడ్డు మీద గడ్డి లేచింది. ఎజెఓకోలి సావిడి ఉన్న స్థలంలో ఇక్వెమేసి రేకుల ఇల్లు కట్టుకుని, గృహప్రవేశానికి ఎద్దును కోశాడు. న్వొకికెను ముందు వరసలో కూర్చోబెట్టారు. అందరూ కడుపునిండా తిన్నారు.

ఎజెఓకోలి జైల్లోనే చచ్చిపోయాడు. ఆ కబురు విడుదలై వచ్చిన ఖైదీ ఒకడు తెచ్చాడు. శవాన్ని ఎక్కడ పాతారని ఉడుమ్మ అడిగింది. పాతలేదు, సున్నం గోతిలో వేశారన్నాడు.

మాలో మొగుడు పోతే అతని ఇంటి ఆడపడుచులు వచ్చి జుట్టు తీస్తారు. ఉడుమ్మ గుడిసె గుమ్మంలో కూర్చుని మళ్లీ సంత రోజు వచ్చేదాకా చూసింది. ఎవరూ రాలేదు. చేమదుంపలు కోసే కత్తి రాతిమీద నూరుకుని ఏటికి వెళ్లి, తన జుట్టు తనే తీసేసుకుంది. వెనకవైపు చెయ్యి అందక చాలాచోట్ల తెగింది. అవతలి ఒడ్డున నీళ్లు ముంచుకుంటున్న ఆడవాళ్లు కుండలు నిండకుండానే ఎత్తుకుని వెళ్లిపోయారు.