టెంక పొట్టేలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయా పంకజాక్షి ఊరంతా చెబుతుంది. నిజమే, కాదనను. పద్దెనిమిదేళ్ళుగా ఐరాల దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ నడుపుతున్నాను. ఆటబొమ్మలు కావాలి మొర్రో అని అడగ్గా అడగ్గా ఒక దాత పుణ్యమా అని రెండు ప్లాస్టిక్ బాతులు వచ్చాయి. పద్నాలుగు మంది పిల్లల మధ్య రెండు బాతులు పడితే ఏమవుతుందో పిల్లల్ని కన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ రోజే వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాను.

అది మామిడి కాలం. ఏ ఇంటి ముందు చూసినా చీకి పారేసిన టెంకలే. వాటినే తెమ్మన్నాను. శుభ్రంగా కడిగి, నాలుగు రోజులు ఎండబెట్టి, పాత దువ్వెనతో పీచు దువ్వితే టెంకకు ముఖం వస్తుంది. పీచు పైకి దువ్వితే సింహం, కిందికి దువ్వితే గడ్డం ఉన్న మేక, కత్తిరించేస్తే పంది. కళ్ళకు సీతాఫలం గింజలు. అంటించడానికి మైదాపిండి ఉడికించిన బంక. టెంకకు ఒక పుల్ల కట్టి, దాని చుట్టూ పాత చీర ముక్క తొడిగితే పట్టుకున్న చెయ్యి కనబడదు. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా ఆ గుడ్డలో చెయ్యి దూర్చగానే గర్జించడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి నాకు తలనొప్పి వచ్చేది, అయినా సంతోషంగానే ఉండేది.

ఐదేళ్ళ మహిత పొట్టేలు చేసింది. కొమ్ముల కోసం బాగా వంకర తిరిగిన ఎండు చింతకాయలు రెండు తనే ఏరుకొచ్చింది. "అచ్చం మా చిన్నోడు మాదిరే ఉండాది టీచర్" అని అందరికీ చూపించింది. చిన్నోడంటే వాళ్ళింట్లో పెరుగుతున్న పొట్టేలు. ఆ పిల్ల వెనకాలే అంగన్‌వాడీ దాకా వచ్చి, గేటు దగ్గర నిలబడి, మేము తరిమితే గానీ పోయేది కాదు.

బొమ్మలు తయారయ్యాక కథ కావాలన్నారు. అప్పటికప్పుడు నేనే అల్లాను. వానలో తడిసిన పొట్టేలు ఒకటి పులి గుహలో తలదాచుకుంటుంది. వాన వెలిశాక ఒక పొట్టేలును నాకిస్తావా అని పులి అడుగుతుంది, ఇస్తానని ఇది మాటిస్తుంది. వాన వెలిశాక గడ్డితో ఒక పొట్టేలును చేసి తెచ్చి పులి ముందు పెడుతుంది. పులి వాసన చూసి, నవ్వి, సరే పొమ్మంటుంది. లోకేష్ పులి, మహిత పొట్టేలు. వారం రోజులు అదే కథ, రోజుకు మూడుసార్లు. ఇంకో కథ చెబుతానంటే ఒక్కరూ ఒప్పుకోలేదు.

ఒకరోజు నేను ఉడికించిన గుడ్ల పెంకులు ఒలుస్తుంటే మహిత వచ్చి పక్కన కూర్చుంది.

"అది గడ్డిదని పులికి తెలీలేదా టీచర్?"

వేళ్ళు కాలుతున్నాయి, గిన్నె దగ్గర తోపులాట. "తెలిసింది లేవే. మాట నిలబెట్టుకునింది కదా, పులికి అది చాలు. పోయి వరసలో కూర్చో" అన్నాను. పిల్లల ముందు నోరు జారితే అది ఎంత దూరం పోతుందో ఇన్నేళ్ళయినా నాకు బుద్ధి రాలేదు.

శనివారం పొద్దున్నే మహిత వాళ్ళవ్వ యశోదమ్మ వచ్చింది. చేతిలో టెంక పొట్టేలు ఉంది, దాని నొసట కుంకుమ బొట్టు ఉంది.

"ఏం కతలు సెప్తాండావు టీచరమ్మా పిల్లోళ్ళకు?"

"ఏమైంది పెద్దమ్మా?"

"దీన్ని తెచ్చి గంగమ్మ పటం ముందర పెట్టింది. చిన్నోడికి బదులు దీన్ని తీసుకోమ్మా అని మొక్కుతా ఉండాది. మాట నిలబెట్టుకుంటే సాలని నువ్వే సెప్పినావంట!"

మంగళవారం ఊళ్ళో గంగమ్మ జాతర. చిన్నోడిని ఆ జాతరలో అమ్మకు బలిగా వేట కొట్టడానికే పెంచుతున్నారని నాకు అప్పుడు తెలిసింది. నేనేమీ శాకాహారిని కాదు. పొట్టేలు కూర పెడితే వద్దనేదాన్నీ కాదు. అయినా అంత పసిదాని బొమ్మను లాక్కొచ్చి నా మీదికి వస్తుందా అని నాకు ఒళ్ళు మండింది. "ఆడుకునే పిల్లకు మొక్కుల గురించి ఏం తెలుస్తుంది పెద్దమ్మా? పెంచుకోమని చేతికిచ్చి ఇప్పుడు నరుకుతామంటే అది ఊరుకుంటుందా?" అని గట్టిగానే అడిగాను.

యశోదమ్మ పిల్లల చాప మీద కూలబడింది.

"పోయినేడు బిడ్డకు డెంగీ జరమొచ్చినప్పుడు నువ్వు సూడలేదు టీచరమ్మా. సిత్తూరు ఆసుపత్రిలో మూడు దినాలు కండ్లు తెరవలా. ఆ వరండాలో కూసోని అమ్మకు మాటిచ్చినా. నా బిడ్డను నిలబెడితే వచ్చే జాతరకు పొట్టేలునిస్తానని. అమ్మ నిలబెట్టింది. ఇప్పుడు మామిడి టెంకను సూపించి అమ్మను ఏమారిస్తే? బిడ్డను మళ్ళా ఎత్తుకుపోతే?"

"నాకు మాత్రం దాని మీద ప్రేమ లేదా? పొద్దున లేస్తే దానికి మేతేసేది నేనే గదా" అని కళ్ళు తుడుచుకుంది. నా కోపం అంతా ఎక్కడికి పోయిందో తెలియదు. ఈమెను చూస్తే ఈమె పక్షం, ఆ పిల్లను తలుచుకుంటే ఆ పిల్ల పక్షం. మధ్యలో కథ చెప్పిన పాపం నాది.

ఆమె వెళ్ళాక మహితను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అది కథమ్మా, ఇది నిజం, గంగమ్మకు ఇస్తానన్నది ఇవ్వాల్సిందే అని నచ్చజెప్పబోయాను. అంతా విని అది ఒకటే అడిగింది.

"అయితే గంగమ్మ పులి కంటే చెడ్డదా టీచర్?"

ఆ పూట అది గుడ్డు ముట్టలేదు. యశోదమ్మ వదిలేసి వెళ్ళిన టెంక పొట్టేలును పట్టుకుని ఇంటికి పోయింది.

మంగళవారం నేనూ గుడికి పోయాను. పోకపోతే ఆ రోజు ఇంట్లో నిలవలేకపోయేదాన్ని. ఊరి చివర వేపచెట్ల కింద పలక డప్పులు మోగుతున్నాయి. మహిత వాళ్ళ నాయన మునికుమార్ చిన్నోడి తాడు పట్టుకుని నిలబడ్డాడు. పక్కనే యశోదమ్మ, పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదట. మహిత ఎక్కడా కనబడలేదు. ఇంట్లో వదిలేసి వచ్చారనుకుని కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

మా పక్క వేటకు ఒక పద్ధతి ఉంది. పూజారి వేపాకుతో పసుపు నీళ్ళు చల్లుతాడు. నీళ్ళు పడగానే పొట్టేలు ఒళ్ళంతా విదిలించాలి. విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే కత్తి ఎత్తడానికి లేదు.

పూజారి మునెయ్య నీళ్ళు చల్లాడు. చిన్నోడు కదల్లేదు. చెంబుతో వీపు మీద పోశాడు. కదల్లేదు. తల మీద పోస్తే హాయిగా కళ్ళు మూసుకుని నెమరు వేసుకుంటూ నిలబడ్డాడు. మహిత వాణ్ణి రోజూ బోరు నీళ్ళ కింద నిలబెట్టి కడుగుతుంది. నీళ్ళంటే వాడికి భయం లేదు, అలవాటు. ఇంకో చెంబు, ఇంకో చెంబు. పలకలు ఆగిపోయాయి. జనంలో గుసగుసలు మొదలయ్యాయి.

యశోదమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మ ఒల్లనంటాది. నా బిడ్డకు ఏమవుతాదో సామీ" అని నేల మీద కూర్చుండిపోయింది.

అప్పుడు పెద్దవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి మహిత దూరి వచ్చింది. చేతికి టెంక పొట్టేలు తొడుక్కుని ఉంది. తిన్నగా మునెయ్య ముందుకు పోయి చెయ్యెత్తి పట్టుకుంది.

"తాతా, దీని మీద పొయ్యి."

ఎవరో నవ్వారు. మునికుమార్ "పాపా, ఇట్ల రా" అని కసిరాడు. దాన్ని లాక్కురావాలని ఒక అడుగు వేసి ఆగిపోయాను. నా కథ ఇంత మంది ముందు నిలబడి ఉంది. ఎవరు ఏమంటారో, ఆ పిల్లకు ఎంత దెబ్బ తగులుతుందో అని భయపడ్డాను.

మునెయ్య యశోదమ్మ వైపు చూశాడు. ఆమె మనవరాలి వైపే చూస్తోంది. అలా చూస్తూనే సరేనన్నట్టు తల ఊపింది.

మునెయ్య దోసెడు పసుపు నీళ్ళు పోశాడు. పీచంతా తడిసి గడ్డంలోంచి నీళ్ళు కారాయి. గుడ్డ లోపల ఆ చిన్న చెయ్యి ఒక్కసారి మణికట్టు దగ్గర తిరిగింది. పొట్టేలు తల, మెడ, ఒళ్ళు అంతా విదిలించింది. చింతకాయ కొమ్ముల్లో గింజలు గలగలమన్నాయి. నీళ్ళు చింది మునెయ్య మీసాల మీద పడ్డాయి.

గుంపులోంచి ఒకాయన గట్టిగా అన్నాడు. "ఏందప్పా ఇది, ఊపింది పాప సెయ్యి గదా!"

యశోదమ్మ లేచి నిలబడింది.

"అవునప్పా, పాప సెయ్యే" అంది. "ఆసుపత్రిలో మూడు దినాలు ఆ సెయ్యి కదల్లా. ఆ సెయ్యి కదిలితే సాలనే గదా నేను అమ్మకు మొక్కుకునింది."

మునెయ్య కత్తిని గోడకు ఆనించి పెట్టాడు. మహిత చేతి నుంచి టెంక పొట్టేలును మెల్లగా తీసి గంగమ్మ పాదాల దగ్గర పెట్టాడు. ఆ పిల్ల ఏడవలేదు, తిరిగి అడగలేదు. నాకే ఏడుపు ఆగలేదు.

యశోదమ్మ కొంగుతో మనవరాలి చేతికి అంటిన పసుపు నీళ్ళు తుడిచింది. చెయ్యి ఆరిపోయాక కూడా తుడుస్తూనే ఉంది.