పాప ఏడుపు బాగుంది

యూసుఫ్‌గూడలోని ఆ రెండు గదుల ఇంట్లో భువన స్నానానికి వెళ్లినా తలుపు బయట ఆరేళ్ల శ్రీనిధి కూర్చోవాల్సిందే. "అమ్మా, ఉన్నావా?" అని నిమిషానికోసారి పిలుస్తుంది. "ఉన్నానే తల్లీ" అని జవాబు రాకపోతే తలుపు బాదేస్తుంది. టీవీలో కనిపించాక పిల్ల మరీ అమ్మకూచి అయిపోయిందని ఇరుగుపొరుగు వేళాకోళమాడేవారు. భువన కూడా వాళ్లతో పాటు నవ్వేది. అది నవ్వుకునే విషయం కాదని లోలోపల ఆమెకు తెలుసు.

తప్పిపోయిన పాప కథతో ఒక ఛానల్ తీసిన మిస్టరీ టెలీఫిల్మ్‌లో ఆ పాప శ్రీనిధే. ప్రసారమైన పది రోజులకు ఫిల్మ్‌నగర్‌లోని ప్రివ్యూ హాల్లో ప్రేక్షకుల అభిప్రాయ సభ పెట్టారు. రెండో భాగానికి అగ్రిమెంటు మీద సంతకం కూడా అక్కడే చేసేద్దామని దర్శకుడు వరప్రసాద్ కబురు చేశాడు. దారి పొడవునా భువన మనసు మనసులో లేదు. శ్రీనిధి తల్లి కొంగు చివరను వేలికి చుట్టుకుని నడిచింది.

సభలో ఒక్కొక్కరే మైకు అందుకున్నారు. పాపను ఎత్తుకెళ్లింది బాబాయేనని పది నిమిషాల్లో కనిపెట్టేశానన్నాడు ఒక కుర్రాడు. చివర్లో సాగదీశారని ఒకావిడ విసుక్కుంది. బస్టాండులో పాప ఏడ్చే సీను మాత్రం అద్భుతమని అందరూ ఒప్పుకున్నారు.

"అంత చిన్నపిల్లను అంత సహజంగా ఎలా ఏడిపించారండీ?" అని ఒకాయన అడిగాడు.

వరప్రసాద్ హుషారుగా లేచాడు. "కంట్లో గ్లిజరిన్ వేసి నీళ్లు తెప్పిస్తే నకిలీ అని తెలిసిపోతుందండీ. వాళ్లమ్మను వ్యాన్‌లో కూర్చోబెట్టి, మీ అమ్మ నిన్నొదిలేసి వెళ్లిపోయిందని పాపతో చెప్పాం. నాలుగు నిమిషాలు కెమెరా ఆపలేదు. ఒకే టేక్!"

హాలంతా చప్పట్లు మోగాయి.

శ్రీనిధి తల్లి ముఖంలోకి చూసింది. "టిఫిన్ తేవడానికి వెళ్లానన్నావుగా? వ్యాన్‌లోనే ఉన్నావా? నేను పిలిచింది వినిపించిందా?"

భువన పాప వైపు తిరిగింది. "వినిపించింది తల్లీ. తప్పయిపోయింది."

శ్రీనిధి వేలికున్న కొంగు విప్పేసి పక్క కుర్చీలోకి జరిగింది.

వెనక వరుసలోంచి రహమత్ నగర్ నుంచి వచ్చిన కొమురమ్మ అనే ఆవిడ లేచింది. ఆవిడా ప్రేక్షకురాలిగానే వచ్చింది. "జర చప్పట్లు ఆపుండ్రి! గా పోరి దిక్కు సూడుండ్రి. నేను గూడ ఇంట్ల టీవీ ముంగట కూసోని శాబాష్ అన్న. గది యాక్టింగ్ అనుకున్న. నిజంగ ఏడ్సిందని ఎరుకైతే గప్పుడే టీవీ బంద్ పెడుదును."

చప్పట్లు ఆగిపోయాయి. "ఇవన్నీ సినిమా ఫీల్డులో మామూలేనమ్మా" అంటూ వరప్రసాద్ అగ్రిమెంటు కాగితాలు భువన ముందుకు జరిపాడు.

భువన వాటిని ముట్టుకోలేదు. "షూటింగ్ రోజు కూడా మామూలేనని చెబితే నమ్మి, బిడ్డ అరుస్తున్నా నోరు మూసుకుని కూర్చున్నానండీ. కథలో పాప కోసం ఊరంతా వెతికింది. మా పాప నిజంగా భయపడితే చుట్టూ పాతికమందిమి ఉండి ఒక్కరమూ కదల్లేదు. పిల్లలకు నటన నేర్పించండి, ఎన్ని రోజులైనా కూర్చుంటాం. భయపెట్టి ఏడిపించడం మాత్రం నటన కాదు, హింస. ఇక మా పాప రాదు."

బయటికొచ్చాక శ్రీనిధి రెండడుగులు ముందు నడిచింది. "ఉన్నావా" అని అడగలేదు. అడక్కపోయినా వెనకనుంచి భువన చెబుతూనే ఉంది, "ఉన్నానే తల్లీ, ఇక్కడే ఉన్నాను" అని.

తెర మీద పసిపిల్ల ఏడుపు బాగుందని మెచ్చుకునే ముందు, ఆ కన్నీళ్లు ఎలా తెప్పించారని ప్రేక్షకులమైన మనం కూడా అడిగి తీరాలి.