ఉంగరపు సొట్ట

పొద్దున్నుంచి డెబ్భై రెండు షీట్లకు బర్ తీసింది వెంకటనర్సమ్మ. రేకు కోసినప్పుడు అంచున ముళ్లలా లేచే ఇనుప కొనలను బర్ అంటారు. ఆకురాయితో వాటిని గీకి, బొటనవేలితో షీటంతా తడిమి చూడాలి. కంటికి దొరకని తప్పు ఆ వేలికి దొరుకుతుంది. మిర్యాలగూడ శివారులోని ఆ బీరువాల షెడ్డులో పదకొండేళ్లుగా ఆమెకు కూడు పెడుతున్నది ఆ వేలే.

ఆ వేలే ఇప్పుడు ఆమెకు శత్రువైంది. ఏ షీటు తడిమినా ఒకేచోట సొట్ట తగులుతోంది, ఉంగరమంత. వెలుతురుకు ఎత్తి చూస్తే ఏమీ ఉండదు. మళ్లీ తడిమితే మళ్లీ ఉంటుంది.

పది రోజుల కింద పవర్ ప్రెస్సు, దాని మీద పనిచేసే ఏసుపాదం కుడిచేతి మీద దిగింది. బీరువా తలుపుకు పిడి కూర్చునే గుంట కొట్టే మిషన్ అది. రెండు చేతులతో రెండు బటన్లూ ఒకేసారి నొక్కితేనే దిగాలి. చేతులు కింద ఇరుక్కోకుండా చేసిన ఏర్పాటది. అట్లా అయితే గంటకు అరవై తలుపులే అవుతాయని, సేటు మురళీధర్ కుడి బటన్ ఎప్పుడూ నొక్కే ఉండేలా చెక్కముక్క అడ్డం పెట్టించి వైరుతో బిగించాడు. ఎడమచేత్తో నొక్కు, కుడిచేత్తో రేకు జరుపు. గంటకు తొంభై.

ఏసుపాదానికి నాలుగు వేళ్లు పోయాయి. స్టీలు ముక్కతో సొంతంగా చేసుకున్న ఉంగరం రేకులో దిగబడింది. "షీటు పారెయ్యకు నర్సమ్మా, కడిగి లప్పం పెట్టు" అన్నాడు సేటు. ఇరవై గేజి అని చెప్పి ఇరవై రెండు గేజి పలచటి రేకు అమ్మే మనిషి, ఒక్క షీటు కూడా వదులుకోడు. ఆమె కడిగింది. సొట్టలో లప్పం నింపి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ వేసింది. ఆ పైన రంగులేసే వెంకన్న గోధుమరంగు కొట్టాడు. ఆ బీరువా హాలియాలో ఎవరింటికో పోయింది. వాళ్లు అందులో పట్టుచీరలు పెట్టుకుని ఉంటారు.

ఉరుమురిమి మంగలం మీద పడ్డట్టు తప్పంతా ఏసుపాదం మీదికే వచ్చింది. తాగొచ్చి తనే వైరు కట్టుకున్నాడని, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు చూపడానికి ఒక కాయితం తయారైంది. సాక్షి చోట వెంకటనర్సమ్మ వేలిముద్ర వేసింది. అదే బొటనవేలితో. నష్టపరిహారం అడగడానికి అతనికి నోరు లేకుండా పోయింది.

ఈ పొద్దున గేటు ముందు చాయ్ బండి దగ్గర అతను కనబడ్డాడు. చేతికి కట్టు ఉంది.

"అక్కా, లేని ఏళ్లు దురద పెడుతున్నయే. యాడ గోకాలె?" అన్నాడు.

కాయితం మాట అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేదని ఆమెకు పొద్దంతా అనిపిస్తూనే ఉంది.

మధ్యాహ్నం మిషన్‌కు శాంతి చేశారు. "దసరాకు మిషన్ ముందర యాటపోతును కొయ్యలే. అందుకే బలి తీస్కున్నది. ఇగ భయం లేదు" అని సేటు గుమ్మడికాయ పగలగొట్టించాడు. నిమ్మకాయలు వేలాడదీశారు. మిషన్ నిండా బొట్లు పెట్టారు, ఆఖరికి బటన్‌కు అడ్డం పెట్టిన ఆ చెక్కకు కూడా.

"నర్సమ్మా, రేపు కోదాడకు యాభై బీరువాలు పోవాలె. మిషన్ కాడికి నువ్వు రా. రోజుకు నాలుగు వందల యాభై ఇస్తున్న గదా, ఆరు వందలు చేస్త" అన్నాడు సేటు.

ఆమె మిషన్ ముందు నిలబడింది. అలవాటు కొద్దీ చెక్కను బొటనవేలితో తడిమింది. వేలికి తడి కుంకుమ అంటుకుంది. ఆనాడు కాయితం దగ్గర అంటిన సిరా కూడా ఇట్లాగే తడిగా ఉండింది. పక్కనున్న కటింగ్ ప్లయర్ తీసి వైరు తెంపింది.

"ఏందే గది?"

"రెండు చేతులతోనే కొడ్త సేటూ. అరవయ్యే అయితయి."

"అయితే గేటు అటున్నది, పో!"

"పోత. ఆ కాయితంల నా ఏలు అబద్ధమాడింది. గా ముచ్చట ఇన్‌స్పెక్టర్‌తోని నేనే చెప్త."

చెక్కముక్కను కొంగున ముడేసుకుంది. మళ్లీ పని ఎక్కడ దొరుకుతుందో, ఇంటి కిరాయి ఎట్లా కడుతుందో ఆమెకు తెలియదు. పోతూ పోతూ దొంతిలో పైనున్న షీటు మీద వేలు పెట్టింది. సొట్ట అక్కడే ఉంది.

"వెంకన్నా, ఇంకో చెక్క తే. మిషన్ మీద నువ్వు నిలబడు" అని వెనక సేటు అరిచాడు.

వెంకన్న చేతిలోని బ్రష్షు నుంచి గోధుమరంగు చుక్కలు నేల మీద పడుతున్నాయి. అతను ఇంకా కదల్లేదు.