గ్రూపులో ఉన్న ప్రసన్నమ్మ

పదిమంది కూర్చున్న మీటింగులో ఆడమనిషి ఒక్కతే ఉంటే టీ ఫ్లాస్కు ఎవరి ముందుకు జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. మండలాఫీసులో వరద ముందుజాగ్రత్తల మీటింగు. పోలీసులు, కరెంటోళ్లు, ఫైరోళ్లు కుర్చీల్లో ఉన్నారు. హంద్రీ ఒడ్డు కాలనీ పొదుపు సంఘాల లీడరు ప్రసన్నకుమారి టీ పోస్తోంది.

"పోలీసులకు వైర్‌లెస్సు, పై ఆఫీసుకు వీడియో కాల్, మిగిలిన అందరికీ వాట్సాప్ గ్రూపు," అన్నాడు తహశీల్దారు. "కాలనీకి మన ప్రసన్నమ్మ. మెసేజ్ పడగానే ఇంటింటికీ చెప్పాలి. పోయినసారి లాగా మర్చిపోకూడదమ్మా."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

మర్చిపోవడమట! పోయినేడు హంద్రీ పొంగినప్పుడు గిడ్డమ్మ మేకలు కట్టుగొయ్యకే మునిగి చచ్చాయి. మొగుడు బెంగుళూరులో కాంక్రీటు పనిలో ఉంటే ఆ మేకల మీదే పిల్లల్ని సాకుతోంది ఆ తల్లి. మర్నాడు బురదలో నిలబడి అడిగింది: "నీకు ముందే తెల్సంట గదా పాపా? ఒక్క మాట చెప్పింటే ఇప్పి తోలుకుంటాంటి గదా." ప్రసన్నకు ఏమీ తెలియదు. గ్రూపులో ఆమె పేరున ఉన్న నంబరు ఆమె మొగుడు ఏసుకుమార్‌ది. "ఇంటికి ఒక ఫోను శాలదా? నా నంబరే ఇయ్యి. ఏమన్నా వస్తే నేను చెప్పనా?" అన్నాడు కట్టుకున్నవాడు. ఆ ఫోను పొద్దున్నే అతని ఆటోతో పాటు కల్లూరు పోతుంది. ఆ రోజు మెసేజ్ చూశాడు కూడా. "ఏందో మీటింగు అనుకుంటి లే," అన్నాడు అన్నం కలుపుకుంటూ. మొగుడు ఫోను కూడా చేతికివ్వడని ఊరికి తెలియడం కన్నా, మతిమరుపుదని పేరు పడటమే మేలనిపించింది ఆమెకు. "మర్చిపోయినాక్కా," అంది. ఇంటి గుట్టు దక్కింది. గిడ్డమ్మ మాత్రం మళ్లీ ఆమెతో మాట్లాడలేదు.

కాలనీలో ఏ ఆడమనిషి పేరు పక్కనైనా ఉండేది మొగుడి నంబరే. ఏరు పొంగే వేళకు ఆ ఫోన్లన్నీ మగవాళ్ల జేబుల్లో యాడాడో ఉంటాయి. ఇళ్లల్లో ఉండేది వీళ్లు.

"నంబరు అదే కదమ్మా?" తహశీల్దారు తలెత్తకుండానే అడిగాడు.

'ఆఁ' అంటే సరిపోయేది. ప్రసన్న ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది.

"కాదు సార్. పోయినసారి నేను మర్చిపోలా. గ్రూపులో ఉండేది నేను గాదు, మా ఆయన. మా కాలనీ ఆడోళ్లంతా అట్లే సార్. చర్చికాడ విశ్వాసమ్మకు ఫోన్ చేయండి, గంట కొడ్తాది, కాలనీకంతా ఇనపడ్తాది. ఆమెకు మొగుడు లేడు, ఆమె ఫోను ఆమెకాడే ఉండాది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. తహశీల్దారు విశ్వాసమ్మ నంబరు అడిగి రాసుకున్నాడు. ఇంత చిన్న మాటకా ఏడాది పట్టిందని ప్రసన్నకు ఏడుపొచ్చింది. ఈ మాట అందరికన్నా ముందు వినాల్సిన మనిషి ఇక్కడ లేదు.

టీ కప్పులు కడగకుండానే బయటికి నడిచింది, గిడ్డమ్మ ఇంటికి.