దెబ్బలు తినే బ్రెడ్

పొద్దున్నే బోరబండలో బస్సెక్కి, అమీర్‌పేటలో సగం జనం దిగాక దొరికే కిటికీ సీట్లో కూచుని, పంజాగుట్ట వచ్చేదాకా ఒకే ముఖాన్ని తలుచుకోవడం సంగీతకు రోజూ ఉన్న పనే. బస్సు దిగి సూపర్ మార్కెట్ వాళ్లిచ్చిన పసుపు టీషర్టు సర్దుకునేది, వాపసు కౌంటర్‌లో స్టూల్ వేసుకుని రిజిస్టర్ తెరిచేది. వెనక గోడ పొడవునా బ్రెడ్ ప్యాకెట్లు. నెత్తి మీద ఆమె చేత్తోనే రాసిన బోర్డు.

ఆ బోర్డుతోనే వచ్చింది అంతా. "దెబ్బతిన్న బ్రెడ్ మార్చి ఇవ్వబడును" అని రాయమన్నాడు మేనేజర్ బుచ్చిబాబు. సరిగ్గా అప్పుడే వివేక్ మొదటిసారి కౌంటర్ ముందుకొచ్చి నిలబడ్డాడు. మెడలో సాఫ్ట్‌వేర్ కంపెనీ బ్యాడ్జి, నుదుటి మీద ఒక్క వాన చుక్క. చూపు ఆ చుక్క మీద, చెయ్యి బోర్డు మీద. తేరుకునేసరికి "దెబ్బలు తినే బ్రెడ్ ఇవ్వబడును" అని రాసేసింది. చెరిపితే మరకవుతుందని బుచ్చిబాబు అలాగే తగిలించమన్నాడు.

ఆ సాయంత్రం నుంచి బ్రెడ్ దెబ్బలు తినడం మొదలుపెట్టింది.

ప్యాకెట్ ఉన్న చోట ఎవరు ఎవరిని కొట్టినా, దెబ్బ తిన్నవాళ్లకు గాలి తగిలినట్టుండేది, అంతే. దెబ్బ పోయి బ్రెడ్ మీద పడేది. ముక్కకో దెబ్బ. ముక్కలైపోతే మళ్లీ మామూలే.

దీనికి ఎవరూ వింతపడలేదు. కోపం మాత్రం మస్తుగా వచ్చింది. ఎస్సార్ నగర్ చలపతిరావు గారు, ఎంసెట్ ర్యాంకు రానందుకు రాత్రి కొడుకును బెల్టుతో బాదాననీ, పొద్దున టోస్ట్ చేసుకుందామంటే ప్రతి ముక్క మీదా బకిల్ గుర్తేననీ, ఇదేం క్వాలిటీ అనీ నిలదీశాడు. కోడలి మీద అట్లకాడ విసిరిన కమలకుమారి గారికి ముక్కలు సమానంగా తెగలేదని బాధ. ప్లాటు పంపకం దగ్గర కుర్చీలతో కొట్టుకున్న అన్నదమ్ములిద్దరూ పిండైపోయిన నాలుగు ప్యాకెట్లు సంచిలో తెచ్చి, బ్రౌన్ బ్రెడ్ అయితే ఇంకాస్త ఆగుతుందా అని అడిగి వెళ్లారు. ఫిర్యాదు చెయ్యనివాళ్లూ ఉన్నారు. వాళ్లు కూరగాయల కింద రెండేసి ప్యాకెట్లు పెట్టుకుని, తల వంచుకుని పోయేవాళ్లు.

గుర్తులు చదవడం సంగీతకు వచ్చేసింది. చేతి గాజులేవో, పలుపు తాడేదో, ఏ సైజు చెప్పో చూడగానే చెప్పేది. వాళ్లమ్మ లచ్చమ్మకు ఎడమ చెవి వినపడదు. పోయిన నాన్న ఒక్క దెబ్బతో ఇచ్చిపోయిన ఆస్తి అది. చిన్నప్పటి నుంచీ సంగీత ఏం చెప్పాలన్నా అమ్మకు కుడిపక్కకు తిరిగి వచ్చి చెప్పేది.

అన్ని ప్యాకెట్లూ విప్పి చూసే పిల్ల, వివేక్ ప్యాకెట్ మాత్రం ఎన్నడూ విప్పలేదు. ప్రతి సోమవారం తెచ్చేవాడు. ల్యాప్‌టాప్ బ్యాగు కింద పడి నలిగిందనేవాడు. అతని గొంతు వింటుంటే సీతాఫలం గుజ్జు నాలుక మీద కరిగినట్టుండేది ఆమెకు. రెండు చేతులతో కొత్త ప్యాకెట్ అందించేది. పోయిన నెల 'స' అక్షరం ఉబ్బెత్తుగా పోయించిన వెండి ఉంగరం అతని కుడిచేతి వేలికి తొడిగింది కూడా. ఈ శుక్రవారమే ఆర్యసమాజ్‌లో పెళ్లి. ఆకుపచ్చ పట్టుచీర స్టూల్ కింద సంచిలో దాగి ఉంది. సంగతి తెలిసింది వివేక్ చెల్లెలు రవళి ఒక్కదానికే. ఆ పిల్ల మైత్రీవనంలో కోచింగ్ తీసుకుంటూ వెనక వీధిలో అన్న గదిలోనే ఉండేది.

ఆ సోమవారం బుచ్చిబాబు కొత్త రూలు తెచ్చాడు. వాపసులు ఎక్కువైపోయాయట. ఇకనుంచి ప్యాకెట్ విప్పి, ముక్కలు లెక్కపెట్టి, ఏం దెబ్బో రిజిస్టర్లో రాశాకే కొత్తది ఇవ్వాలన్నాడు. చెప్పి అక్కడే నిలబడ్డాడు.

పది నిమిషాలకు వివేక్ వచ్చాడు. సంగీత నవ్వుతూనే ప్యాకెట్ విప్పింది.

పద్దెనిమిది ముక్కలు. పద్దెనిమిదింటి మీదా పిడికిలి. నాలుగు కణుపుల గుంటలు, మూడో గుంట కింద తిరగబడిన 'స'.

ఆమె చాలాసేపు ఆ అక్షరాన్నే చూసింది. తన పేరు బ్రెడ్ మీద అంత లోతుగా దిగుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"గిది బ్యాగు కింద నలిగింది కాదు" అన్నది.

"రవళి మాట వినదు సంగీతా. క్లాసు ఎగ్గొట్టి తిరుగుతోంది" అన్నాడు వివేక్, అదే మెత్తని గొంతుతో. "అయినా దానికేం తగల్లేదుగా. తగిలింది బ్రెడ్‌కేగా."

"పద్దెనిమిది ఇది తిన్నది. పంతొమ్మిదోది ఎవరు తిన్నరు?"

అతను వాచీ చూసుకున్నాడు. "అందుకేగా మార్చమంటున్నాను. త్వరగా ఇవ్వు, ఆఫీసుకు టైమవుతోంది."

సంగీత రిజిస్టర్ మూసింది.

"గిది నేను మార్చ. శుక్రారం సుత రాను."

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా రోజూ ఆమె తలుచుకునే ముఖం ఆ క్షణంలో ఎటో వెళ్లిపోయింది. దాని చోట మిగిలినవాడు కౌంటర్ మీదుగా వంగి, ఆమె ఎడమ చెవి చూసి గుద్దాడు.

జుట్టు కదిలింది. అంతే. వెనక పైఅరలో ఒక ప్యాకెట్ ధన్‌మని ఎగిరింది. మళ్లీ గుద్దాడు, ప్యాకెట్ చిట్లింది. మూడోసారి మెడలోని బ్యాడ్జి తెగేంత ఊపుతో గుద్దాడు. ముక్కలు చెల్లాచెదురై, క్యూలో ఉన్న చలపతిరావు గారి నెత్తి మీద రాలాయి. సంగీత కదల్లేదు. కళ్లు కూడా మూయలేదు.

"బాబూ, ఆ పైవి ఇవాళ వచ్చినవి" అంది కమలకుమారి గారు వెనక నుంచి. "నిన్నటివి కిందున్నాయి, చూసుకో."

బుచ్చిబాబు చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "సార్, కౌంటర్ దగ్గర కొట్టినవాటికి వాపసు ఉండదండి. దయచేయండి."

వివేక్ తన చేతి వంక చూసుకున్నాడు. ఉంగరం లేదు. నేల మీది పొడిలో కాలితో కాసేపు వెతికి, క్యూ అంతా తననే చూస్తుంటే తెగిన బ్యాడ్జి జేబులో కుక్కుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం సగం సెలవు పెట్టి, చిట్లిన ప్యాకెట్లో మిగిలిన ముక్కలూ రెండు కొత్త ప్యాకెట్లూ చీర ఉన్న సంచిలోనే వేసుకుని, సంగీత మైత్రీవనం వెనక గదికి నడిచింది. రవళి తలుపు ఓరగా తీసింది. కింది పెదవి పగిలి ఉంది. పంతొమ్మిదోది అక్కడుంది.

"మీ నాయినకు ఫోన్ చేద్దాం. ఆయన వచ్చేదాక మా ఇంట్ల ఉందువు, రా" అన్నది సంగీత.

రవళి పుస్తకాలు మాత్రం తీసుకుని చెప్పులేసుకుంది.

సాయంత్రం బోరబండలో లచ్చమ్మ చాయ్ పెట్టింది. బట్టలు తెచ్చుకోని రవళి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని గోడకు ఆనుకుని కూచుంది. కొత్త ప్యాకెట్లు రెండూ పొయ్యి పక్కన పెట్టి, చిట్లిన ప్యాకెట్లోని ముక్కలు ముగ్గురూ చాయ్‌లో ముంచుకుని తిన్నారు. వీధిలో ఎవరో ఎవరినో తిడుతున్నారు. ఎవరూ తల తిప్పలేదు.

లచ్చమ్మ నమలడం ఆపి, నోట్లోంచి ఏదో తీసి అరచేతిలో వేసుకుని చూసింది. వెండి ఉంగరం.

"గిదేం బ్రెడ్డే బిడ్డా? జరైతే పన్ను పోతుండె. రేపు వాపస్ ఇచ్చి రా."

సంగీత లేచి, అమ్మ కుడిపక్కకు వచ్చి కూచుంది.

"ఇచ్చిననే అమ్మా" అన్నది.